మీసంలో కెపాసిటరు

ఆ వీధిలో అందరూ ఆమెను చీమల డాక్టరు అంటారు. పాడైన బోర్డుల మీంచి ఆవగింజలో సగం కూడా లేని విడిభాగాలను చేత్తో ఊడదీసి, మరో బోర్డుకు అతికించడం ఆమె పని. భాగం చుట్టూ టంకం సులువుగా కరిగేలా ఫ్లక్స్ అనే జిగురు రాసి, వేడిగాలి పట్టి, టంకం కరిగి తళుక్కుమనే క్షణం కోసం కాచుకుని, పట్టకారుతో మెల్లిగా ఎత్తుతుంది. అంతసేపూ కొట్లో ఫ్యాను తిరగకూడదు. నవ్వించే మాటలు అసలే కూడదు.

ఒక ఉదయం ఆమె మేనమామ, అత్తయ్యను వెంటబెట్టుకుని, తన చెవి మిషన్లు రెండూ పట్టుకొచ్చాడు. ఎడమదాని మీద ఆయనే కూర్చున్నాడట. కుడిది ఎందుకో దానంతటదే పలకడం మానేసింది. నలిగిన ఎడమదాన్లోంచి ఒక కెపాసిటరు తీసి వేస్తే కుడిది బతుకుతుందని ఆమె తేల్చింది. అలాంటిది కొట్లో ఇంకొకటి లేదు.

మామయ్య తన గుబురు మీసాన్ని బోర్డుకు జానెడు దూరంలో పెట్టి, కళ్లార్పకుండా చూస్తున్నాడు. వెనక్కి జరగమని ఆమె మూడుసార్లు చెప్పింది. ఆయనకు వినిపిస్తేగా!

కెపాసిటరు పట్టకారు కొసకు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమెకు తుమ్ము వచ్చింది. కెపాసిటరు మాయం.

"తుమ్మాను మామయ్యా!"

"దుమ్మా? తుడవకపోయావా?"

భూతద్దంతో బల్లంతా గాలిస్తే ఒక చక్కెర పలుకు, ఒక గోరుముక్క దొరికాయి. నీరసంగా తలెత్తింది. ఎదురుగా నెరిసిన మీసంలో గోధుమరంగు చుక్క!

"మీసంలో ఉంది! కదలకండి!"

"మోసమా? ఎవడు చేశాడు?" అంటూ మామయ్య లేవబోయాడు.

అత్తయ్య ఆయన చెవులు రెండూ పట్టుకుని కూర్చోబెట్టింది. "వినడానికి ఎలాగూ పనికిరావు, పట్టుకోవడానికైనా పనికొచ్చాయి. నువ్వు కానియ్యవే అమ్మాయ్!"

పట్టకారుతో మూడుసార్లు ప్రయత్నిస్తే మూడు వెంట్రుకలు వచ్చాయి. మామయ్య కేకలకు పక్క కొట్టువాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆఖరికి ఆమె పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చి మీసం కింద పెట్టింది. రెండు కొసలా లోహం ఉన్న కెపాసిటరు టక్కున వచ్చి దానికి అంటుకుంది.

అరగంటలో కుడి మిషను పలికింది. దాన్ని చెవిలో పెట్టుకుని మామయ్య వెలిగిపోయాడు.

"ఆ పొద తీసేయమని ముప్పయ్యేళ్లుగా మొత్తుకుంటున్నా" అని అత్తయ్య గొణిగింది.

"ముప్పయ్యేళ్లుగానా?" మామయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "ఒక్కసారైనా గట్టిగా చెప్పొచ్చుగా!"

మర్నాడు మామయ్య మీసం నున్నగా గీయించుకుని కొట్టుకు వచ్చాడు. మేనకోడలు తలెత్తి, కొత్తవాళ్లను అడిగినట్టు మర్యాదగా అడిగింది: "ఏం పాడైందండీ?"