శెట్టిగారి గోడ గడియారం

ఆదిమూలాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో కోదండరాం శెట్టి హోల్‌సేల్ బట్టల కొట్టు మెట్ల కింద, ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోట్లో అతను గడియారాలు బాగుచేసేవాడు. అతని తండ్రి బతుకూ అక్కడే తెల్లారింది. ఎదురు కొట్లో లెక్కలు రాసే నాకు రోజంతా కనిపించేది వంగిన ఆ వీపే.

మెట్ల కింద చోటుకు అద్దె లేదు. దానికి బదులు శెట్టిగారి గోడ గడియారానికి ప్రతి శుక్రవారం కీ ఇవ్వాలి, ఏడాదికోసారి విప్పి నూనె వెయ్యాలి. శెట్టిగారి తల్లి పంకజమ్మ గడియారం అద్దానికి కుంకుమ పెట్టాకే అతను కీ తిప్పేవాడు. ఆ కీ ఆగితే వ్యాపారం ఆగుతుందని ఆవిడ నమ్మకం. గడియారం విప్పిన ప్రతిసారీ ఆదిమూలం లోపలి ఇత్తడి పలక మీద సూదితో తన పేరులో మొదటి అక్షరం, ఆ సంవత్సరం గీసేవాడు. పై వరసలన్నీ తండ్రివి. రిపేరు చేసేవాళ్ళకు అదొక అలవాటు. మరో రిపేరువాడు తప్ప ఎవరూ చూడరని తెలిసీ గీస్తారు.

1994 నాటికి అందరి చేతులకూ బ్యాటరీ వాచీలొచ్చాయి. ఆగితే సెల్లు మార్చడం, లేదంటే పారెయ్యడం. ఆదిమూలానికి అసలైన పని అంటూ మిగిలింది ఆ గోడ గడియారమొక్కటే.

ఆ ఏడు తమిళుల ఆడి మాసపు తగ్గింపు అమ్మకాలకు ముందు కొట్టుకు రంగులు వేయించారు. తర్వాతి శుక్రవారం ఆదిమూలం స్టూలెక్కి కీ పెడితే చెయ్యి ఊరికే తిరిగిపోయింది. విప్పి చూశాడు. ముళ్ళ వెనక అరచేతిలో పట్టే నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికో బ్యాటరీ.

"మిషను ఏడ సామీ?" అని అడిగాడు.

"పాత ఇత్తడి సామాన్లోడికి ఏసేసినాం," అన్నాడు శెట్టి, తల తిప్పకుండానే. "అమ్మకు చెప్పబాక. ఎప్పట్లాగే శుక్రవారం వచ్చి కీ ఇచ్చినట్టు తిప్పి పో. నీ చోటు నీకుంటాది."

"లేని మిషనుకు కీ ఎట్లిచ్చేది సామీ?"

"కుదరదంటే చెప్పు. వాచీ సెల్లులు అమ్మేవాడొకడు ఆ చోటు అడగతా ఉండాడు."

ఎంత తేలిగ్గా అనేశాడో! తండ్రీకొడుకుల చేతిరాత తూకానికి పోతే కనీసం ఒక మాట చెప్పాలని కూడా తోచలేదు ఆ పెద్దమనిషికి. ఆదిమూలం పనిముట్ల పెట్టె సర్దుకున్నాడు. పోతాడనుకున్నాను, పోవాలనీ కోరుకున్నాను. సాయంత్రానికి ఆ పెట్టె మళ్ళీ విప్పి పెట్టుకున్నాడు. ఆ వయసులో అతన్ని కూర్చోబెట్టుకునే చోటు మద్రాసంతా వెతికినా లేదు.

ఆ మరుసటి శుక్రవారం నుంచి ఒట్టి బొక్కలో కీ తిప్పాడు. పంకజమ్మకు చప్పుడు వినపడాలి కదా, అందుకని కీని అంచుకు గీరుతూ తిప్పేవాడు. చూస్తున్న నాకే సిగ్గేసేది.

దీపావళి ముందు శుక్రవారం ఏదో పని మీద నేనూ ఆ కొట్లోనే ఉన్నాను. అతను స్టూలు దిగేదాకా పంకజమ్మ అక్కడే నిలబడింది.

"ఆదిమూలం, నేనూ చూస్తానే ఉండా," అంది నలుగురూ వినేలా. "రేడియో వార్తలకీ దీనికీ ఒక్క నిమిషం తేడా రాలే. మీ నాయన చేత కూడా కాలేదురా ఇది. ఇన్నేళ్ళకి నీకు పని పట్టుబడినాది."

శెట్టి నవ్వు ఆపుకోడానికి బట్టల మూటల మీదికి వంగాడు. ఆదిమూలం రెండు చేతులూ జోడించాడు.

"అంతా మీ ఆశీర్వాదం తల్లీ," అన్నాడు.