షట్టరు చక్రం మీద మా తమ్ముడి చెయ్యి

మాది వనపర్తి దగ్గర పల్లె. నా పుట్టిల్లు అదే కాలువకు దిగువ ఊరు. పోయిన యాసంగిలో నీటి వంతు కోసం రెండు ఊళ్లకూ మాటామాటా పెరిగింది. చివరికి పెద్దలు రాజీ చేశారు. మా దగ్గర రాజీ కుదిరితే రెండు ఊళ్లవాళ్లూ కలిసి కాలువ నీళ్లు వదిలే షట్టరు చక్రం తిప్పాలి. దిగువ ఊరి తరఫున మా తమ్ముడూ చెయ్యి వేశాడు. చక్రం తుప్పుపట్టి ఉండడంతో అందరూ అరుస్తూ, ఒకరినొకరు నెట్టుకుంటూ తిప్పారు. ఒక టీవీ విలేకరి అదంతా వీడియో తీసుకుని, మా చాయ్ తాగి వెళ్లాడు.

సాయంత్రం టీవీలో అదే దృశ్యం. మాటలు తీసేసి, కింద "నీళ్ల కోసం కొట్లాట" అని వేశారు!

కాసేపటికే, రాజీకి రాని మా పుట్టింటి ఊరివాళ్లు టీవీ చూసి, తమ్ముణ్ణి కొట్టారనుకుని ట్రాక్టర్ నిండా కర్రలతో దిగారు. మా ఇంట్లో భోంచేస్తున్న తమ్ముడు ఎంగిలి చేత్తోనే బయటికి ఉరికాడు.

"ఏందిరా గిది? నాకేం కాలే. అక్క ఇంట్ల అన్నం తింటున్న!"

వాళ్లు సిగ్గుపడి కర్రలు కింద పడేశారు.

విలేకరికి ఫోన్ చేసి, రాజీ అయిందని చూపించమన్నాను.

"రాజీ ఎవరు చూస్తరక్కా? ట్రాక్టర్ వచ్చిందట గదా, ఇంకా ఆడ్నే ఉన్నదా?" అన్నాడు.

ఆ గొంతులోని ఆశ విని ఫోన్ పెట్టేశాను.