చిన్నాయన చివరి వరసలు

మంగళవారం పొద్దున పదింటికి చిన్నాయన పోయారని తెలిసింది. ఆయన గదిలోనే ఉంటూ కింద బకాలాలో, అంటే కిరాణా కొట్లో, పనిచేసే అబ్బాయి, నేను తమ్ముడూ అని పిలిచేవాడు, తలుపు కొట్టి చెప్పాడు. "అక్కా, చిన్నాయన పోయినాడు. పనికాడ టీ తాగి లేస్తా లేస్తా పడిపోయినాడంట. ఆస్పత్రికి తీస్కపోయేలోపల ఖలాస్." అంతమాత్రం చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను తలుపు వేసి, తరుగుతున్న బెండకాయలు తరగడం పూర్తి చేశాను. వేయించాను. ఉప్పు కూడా సరిగ్గానే వేశాను. మధ్యాహ్నం మా ఆయన వచ్చి, కూర తిని, అప్పుడు విషయం విని, "ఇంతసేపూ చెప్పలేదేంటే?" అన్నారు. ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ దాచి రాస్తే ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయన మాకు చుట్టం కాదు. కువైట్‌లో, రిగ్గైలో మేముండే బిల్డింగులో మా ఎదురు వాటాలో ఇంకో ముగ్గురు మగవాళ్లతో కలిసి ఉండేవారు. ఆయనది రాయచోటి పక్క పల్లె, మాది అమలాపురం దగ్గర. మొదట్లో బాబాయ్‌గారూ అని పిలిచేదాన్ని. "బాబాయి గీబాయి మాకు అలవాటు లేదు పాపా, చిన్నాయనా అను" అన్నారు. సరే చిన్నాయనగారూ అన్నాను. ఆ గారు తీసెయ్యమని ఎనిమిదేళ్లు చెప్పారు. మా గోదావరి వాళ్ల నోట్లోంచి అది అంత తేలిగ్గా ఊడదు.

ఆయన పని వింటే మీకు నవ్వొస్తుంది. ఫ్యాక్టరీల్లో వేడి పైపులకు, వాల్వులకు బొంతలు కుట్టేవారు. మధ్యలో గాజు దూది పెట్టి, పైన మందపాటి బట్ట వేసి, సన్న ఇనప తీగతో కుట్టడం. సబ్హాన్‌లో వర్క్‌షాపులో కుడితే షుఐబా ఫ్యాక్టరీలకు తీసుకెళ్లి పైపులకు తొడిగేవారట. ఇరవై ఆరేళ్లు ఆ పనే. ఆ గాజు దూది ఒంటికి తగిలితే ఒకటే దురద. అందుకని పని నుంచి రాగానే చేతులకు కొబ్బరినూనె రాసి, తుడిచి, చన్నీళ్లతో రెండుసార్లు కడుక్కుంటే గానీ మా పాపను ఎత్తుకునేవారు కాదు. పాప చేతులు చాపి ఏడుస్తున్నా సరే, "ఉండుమ్మే, నా చేతుల్లో ముండ్లుండాయి" అని దూరంగా నిలబడేవారు.

మా పరిచయం చెత్తకుప్ప దగ్గర మొదలైంది. కువైట్ వచ్చిన కొత్తలో నాకు చేతిపని పిచ్చి. ఎంబ్రాయిడరీ ఫ్రేములు, రంగు దారాలు, ఊరినుంచి తెచ్చుకున్న పాత చీరలు. మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. ముక్కు వరకే కుట్టిన చిలక ఉన్న దిండు గలీబు, ఒక మూల కాడకుట్టు వేసి వదిలేసిన టేబుల్ గుడ్డ, పాప కడుపులో పడ్డప్పుడు మా అత్తగారి చీరలతో మొదలుపెట్టి పాప నడిచేనాటికి కూడా సగం దాటని బొంత. ఒకరోజు ఇల్లు సర్దుతూ అదంతా ఒక పెద్ద సంచిలో కుక్కి కారిడార్‌లో చెత్త పక్కన పెట్టేశాను. పది నిమిషాలకు తలుపు కొట్టారు. చేతిలో నా సంచి.

"ఇవి పారేస్తాండావా పాపా?"

"అవునండి. ఇంక అవ్వవు అవి."

"ఎవురికోసమో గదా మొదలుపెట్టింటావు. వాళ్లుండారు గదా?"

ఉన్నారు. మంచం కింద దూరి బిస్కెట్టు తింటోంది. నాకు తల కొట్టేసినట్టయింది. సంచి లోపలికి తీసుకున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి భోజనాలయ్యాక మా హాల్లో కూర్చునేవారు. మా ఆయన సోఫాలో క్రికెట్ చూస్తూ నిద్రపోయేవారు. చిన్నాయన గోడకు ఆనుకుని, ఒక కాలు బారజాపి, కాలి బొటనవేలికి బొంత అంచు తగిలించి బిగలాగి కుట్టేవారు. వాచీ తీసి జేబులో పెట్టుకోవడం, మూడు సూదులకు ముందే దారం ఎక్కించి కాలరుకు గుచ్చుకోవడం, చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర. వద్దంటే వినేవారు కాదు. సన్న సూది ఆయన వేళ్లకు ఆనేది కాదు. దబ్బనానికి తమ్ముడి లాంటి సూది ఒకటి ఉండేది, దాంతోనే పని.

మాట్లాడితే మూడు నాలుగు మాటలే. దారం మూరకంటే పొడుగు తీస్తే, "ఎక్కువ తీసినావంటే దారమే నిన్ను కుడతాది" అనేవారు. ఒకరోజు మా ఆయనతో గొడవపడి వచ్చి విసురుగా కుడుతుంటే నా చేతిలోంచి గుడ్డ లాక్కున్నారు. "కోపంగా ఉండే పొద్దు సూది పట్టగూడదు. పోయి గిన్నెలు తోముకో." పోయి తోముకున్నాను. గిన్నెలు తళతళా మెరిశాయి, కోపం మాత్రం పోలేదు, ఆ మాట ఆయనతో చెబితే, "గిన్నెలన్నా బాగయినాయి గదా" అన్నారు.

మూడేళ్లలో నా సంచి ఖాళీ అయింది. ఈలోగా పాప తన బొంతకంటే పొడుగైపోయింది. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే నాలుగు పక్కలా కొత్తగా అంచులు కలిపి పెద్దది చేయించారు. అది కప్పుకునే పాప ఇప్పటికీ పడుకుంటుంది, నాలుగో తరగతి పిల్ల. చిలకకు రెక్కలు వచ్చాయి. ఒకటి మొదలుపెట్టి చివరిదాకా చేయగలనని నాకు నా మీద నమ్మకం కలిగింది ఆయన వల్లే. మా ఇంట్లో వాళ్లెవరికీ ఆ నమ్మకం లేదు, నాతో సహా.

అంత చెప్పిన మనిషి సొంత బొంత మాత్రం పన్నెండేళ్లుగా పెట్టెలో ఉంది. రెండేళ్లకోసారి ఊరికి వెళ్లినప్పుడల్లా భార్య చీర ఒకటి తెచ్చుకునేవారు. పైకి ఆకుపచ్చ పాలిస్టర్ చీర, కిందికి ఎర్రది, మధ్యలో నాలుగు నూలు చీరల పొరలు. ఆవిడను నేను చిన్నమ్మ అనేదాన్ని, ఫోన్లోనే పరిచయం. స్పీకర్లో పెడితే గది మొత్తం వినపడేలా దులిపేది. "నా చీరలన్నీ ఎత్తకపోయినావు, యాడ అమ్ముకుంటివో చెప్పు." ఆయన నవ్వి ఫోన్ నాకు ఇచ్చేసేవారు.

ఈ ఏడాది ఆ బొంత బయటికి తీశారు. రంజాన్ అయ్యాక సెలవు, అప్పటికి పూర్తి చేసి తీసుకెళ్లాలని పట్టుదల. ముప్పాతిక భాగం చక్కగా సాగింది. ఆయన వరస వేస్తే చెరుకు సాలులా ఉండేది. తర్వాత వంకర్లు మొదలయ్యాయి. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, వరస కిందికి జారిపోవడం. నా నోరు ఊరుకుంటుందా? "చిన్నాయనగారూ, మీ కుట్లు కల్లు తాగినోడి నడకలా ఉన్నాయండి. ఇలా పట్టుకెళ్తే చిన్నమ్మ నవ్విపోద్ది" అన్నాను.

"నవ్వనీలే" అన్నారు. "కండ్లద్దాలు మార్చాల పాపా."

ఆ మాట నమ్మాను. రెండు శుక్రవారాలు వరసగా ఆ మాటే అని ఎగతాళి చేశాను. రెండోసారి ఆయన నవ్వలేదు, సూది కాలరుకు గుచ్చి తొందరగా లేచి వెళ్లిపోయారు. ఏదో పని గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

ఆయన పోయిన మర్నాడు, బుధవారం, తమ్ముడు ఆ బొంతా, ఆయన సూదీ దారమూ తెచ్చి నా ముందు పెట్టాడు. కాగితాలన్నీ అయ్యి చిన్నాయన శవం పెట్టె శనివారం చెన్నై విమానంలో వెళ్తుందని, తోడు తనే వెళ్తున్నానని చెప్పాడు. "చిన్నమ్మ ఒకటే అడిగిందక్కా. ఇంగేమీ తేవద్దు నాయనా, ఆయప్ప కుట్టిన బొంత తెచ్చీ అనింది. ఇంగా జానెడు కుట్టాల్సుండాది. నువ్వు కుట్టీగలవా?"

కుడతానన్నాను. చెయ్యడానికి ఒక పని దొరికింది, అది చాలనిపించింది.

గురువారం పాపను బడికి పంపి హాల్లో బొంత పరిచాను. వెలుతుర్లో ఆ చివరి నాలుగు వరసలూ కొట్టొచ్చినట్టు కనిపించాయి. మనిషి పోయాక ఆయన పని చూసి ఊళ్లో వాళ్లు ఇదేంటి ఇలా ఉందనుకోకూడదు, ఆయన చేతికి తగ్గట్టుగా వెళ్లాలి అనుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. కత్తెర మొనతో ఒక్కో కుట్టూ లేపి, కోసి, నాలుగు వరసలూ పీకేశాను. గంటన్నర పట్టింది. దారం ముక్కలన్నీ ఊడ్చి చెత్తలో వేశాను. చెత్త సంచి కూడా బయట పెట్టేశాను, బిల్డింగు కాపలా చూసే హారిస్ పట్టుకెళ్లిపోయాడు.

తిన్నగా గీత గీసుకుని కుట్టడానికి దారం ఎక్కిస్తుంటే తమ్ముడు ఆయన బట్టలు పెట్టడానికి ఖాళీ సూట్‌కేసు అడగడానికి వచ్చాడు. బొంత చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఆ వంకర కుట్లు ఏవక్కా?"

"విప్పేశాను. బాగోలేవు కదా."

తమ్ముడు చెప్పులు విప్పబోయి మళ్లీ వేసుకున్నాడు. "మూడు నెల్లనుంచి కుడిచెయ్యి తిమ్మిరెక్కతాండాదని అంటాండె. అన్నం ఎడంచేత్తో తింటాండె గదిలో. కంపెనీ మెడికల్లో తప్పితే పంపించేస్తారు, ఇంకొక్క ఏడాది చెయ్యాల, ఎవురికీ చెప్పద్దు అనె. నీకు అసలు చెప్పద్దనె. నువ్వు ఆస్పత్రికి లాక్కపోతావని."

లాక్కుపోయేదాన్నే. అది ఆయనకు తెలుసు, అందుకే నాకు చెప్పలేదు. మూడు నెలలు ప్రతి శుక్రవారం నా ఎదురుగా కూర్చుని, పట్టు లేని వేళ్లతో అంత లావు సూది ఆరు పొరల్లోంచి లాగారు. నేనేమో కల్లు తాగినోడన్నాను. ఆయన మీద కోపం వచ్చింది, చెప్పనందుకు. తమ్ముడి మీద కోపం వచ్చింది. కోపం తప్ప ఇంకేదీ రాలేదు. ఆ కోపానికి కూడా బలం లేదు, ఎక్కడో పక్కింట్లో ఎవరో కోప్పడుతున్నట్టుంది.

సాయంత్రం చిన్నమ్మ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. ఆవిడా నాలాగే ఉందేమో.

"పాపా, బొంత నువ్వు కుడతాండావంట గదా. ఒక్క పని చెయ్యి తల్లీ. కడాకు ఆయప్ప సూది యాడ ఆపినాడో ఆడ గుర్తు పెట్టి పంపు. ఆ పక్క తల పెట్టుకుంటా."

"అలాగే చిన్నమ్మా" అన్నాను. ఇంకేం అనను?

ఫోన్ పెట్టేసి బొంత దగ్గరికి వచ్చాను. ఆ సూది లావుదేమో, పాలిస్టర్ చీర మీద బొక్కలు మూసుకోలేదు. నాలుగు వరసలూ అలాగే ఉన్నాయి, దారం లేకుండా. ఆయన సూదితోనే, ఆయన దారంతోనే, ఆ బొక్కల్లోంచే కుట్టడం మొదలుపెట్టాను. పొడుగున్న చోట పొడుగు, జారిన చోట జారుడు. అర వరస అయ్యేసరికి అచ్చం ఆయన కుట్టులాగే వచ్చింది. చిన్నమ్మ కాదు కదా, ఎవరూ పోల్చలేరు. ఆవిడ దాని మీద తల పెట్టుకుని పడుకుంటుంది, ఆ తల కింద ఉన్నవి నా కుట్లు. అదీ పీకేశాను.

మా ఆయన పక్కన కూర్చుని, "ఓసారి ఏడ్చెయ్యవే, తేలికవుద్ది" అన్నారు.

"రావట్లేదండి" అన్నాను. నిజంగానే రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, చిన్నాయన వచ్చి కూర్చునే వేళకు, చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎగతాళి చేసింది చెప్పాను, ఆయన చేతి సంగతి తెలియక నాలుగు వరసలు విప్పి పారేశానని చెప్పాను, దొంగ కుట్లు వెయ్యబోయి మానేశానని కూడా చెప్పాను. తిట్టండి చిన్నమ్మా అన్నాను.

ఫోన్లో వెనకాల ఎవరో గేదెను అదిలిస్తున్నారు.

"బొక్కలుండాయా?" అని అడిగింది.

"ఉన్నాయండి. కనపడుతున్నాయి."

"అట్లనే పంపు. మళ్లా ఆటికి సూది తగలనీయొద్దు. ఉతకొద్దు."

మిగిలిన జానెడూ నా చేత్తో, నా తిన్నటి వరసల్తో కుట్టి, అంచు మడిచి పూర్తి చేశాను. మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పున దారం లేని చోటు అలాగే వదిలాను. శనివారం పెట్టె వెళ్లింది, బొంత తమ్ముడి సూట్‌కేసులో వెళ్లింది.

మొన్న శుక్రవారం వాళ్లమ్మాయి వీడియో కాల్ చేసింది. చిన్నమ్మను మొదటిసారి చూడటం. అనుకున్నదానికంటే చిన్న మనిషి. చాప మీద కూర్చుని బొంత ఒళ్లో వేసుకుని ఉంది. నన్ను పలకరించలేదు, తిట్టలేదు. బొటనవేలి గోరు ఒక బొక్కలో ఆనించి, పక్కదానికి, దాని పక్కదానికి, నెమ్మదిగా జరుపుకుంటూ పోతోంది. వరస జారిన చోట వేలు కూడా కిందికి జారింది. నాలుగో వరస మధ్యలో ఆగింది.

"ఇంగ బొక్కల్లేవే పాపా" అంది, తల ఎత్తకుండానే.

"అక్కడితో ఆపేశారు చిన్నమ్మా" అన్నాను.

వేలు అక్కడినుంచి తియ్యలేదు. వాళ్లమ్మాయి ఫోన్ పట్టుకునే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.