సాగదీస్తే జాతి, తెంపేస్తే ఊరు

మా తాత చేసిన ఒక పొరపాటు మా ఇంట్లో మూడు తరాలకు నవ్వుకోవడానికి పనికొచ్చింది. నాలుగో తరానికి వచ్చేసరికి మెడకు చుట్టుకుంది.

బర్మా భాషలో 'మ్యో' అని రెండు మాటలున్నాయి. సాగదీసి పలికితే జాతి, గొంతులోనే టక్కున తెంపేస్తే ఊరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, కొత్తగా ఓడ దిగిన తెలుగు చెవికీ రెండూ ఒకటే. మా తాత బారువ రేవులో ఓడెక్కి వచ్చి, ఇక్కడ యాంగోన్ ఊళ్లో సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఒక మేస్త్రీ కింద ముప్పై మంది. వాళ్లకు విడివిడిగా పేర్లున్నా ఎవరికీ అక్కర్లేదు. ఫలానా మేస్త్రీ మనుషులు, అంతే. అతను వదిలితే తప్ప ఇంకోచోట పనికి పోవడానికి లేదు. దొర ఏదైనా అడిగితే మేస్త్రీ చెప్పేవాడు, తాత తల వంచుకుని నిలబడేవాడు. దాన్ని అప్పట్లో పని అనేవారట. నేను మాత్రం బానిసత్వమనే అంటాను, ఎవరేమనుకున్నా సరే.

తెల్లదొరలు వెళ్లిపోయాక, గుర్తింపు కార్డులు రాసే గుమాస్తా ఒకడు మొట్టమొదటిసారి మేస్త్రీని కాకుండా తాతనే అడిగాడు. "లూమ్యో?" అన్నాడు. లూ అంటే మనిషి, ఏ జాతి మనిషివని. తాత ఏ ఊరని అడుగుతున్నాడనుకుని "బారువ" అన్నాడు. గుమాస్తా ఆ గడిలో అదే రాసేశాడు. అలా లోకంలో ఇంకెవరికీ లేని జాతి ఒకటి మాకు దక్కింది. మా నాన్న పండగపూట ఆ సన్నివేశం ఆడి చూపించి, మనం జాతిరత్నాలం రా అని మమ్మల్ని నవ్వించేవాడు.

నాన్న కార్డుకీ నా కార్డుకీ ఎవరూ తాత కాగితం అడగలేదు. మా మొహాలు చూసి ఇండియా అని రాసి పడేశారు. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. నర్సు చదువుకు సీటు వచ్చింది, చేరాలంటే పెద్దకార్డు కావాలి. చదువు మాట అలా ఉంచండి, ఇప్పుడు ఈ ఊళ్లో మలుపు మలుపుకూ కార్డు అడుగుతున్నారు. అది లేని మనిషికి సందు చివరకు వెళ్లి కొత్తిమీర తెచ్చుకోవడం కూడా ధైర్యమే.

ఆఫీసులో రెండు వరసలు. మమ్మల్ని చూడగానే రెండో వరసలో నిలబడమన్నారు. దాని పేరు 'త్వేనో', అంటే కలిసిన రక్తం. నాకు తోచిన తెలుగు కల్తీ రక్తం. మాకు తెలిసి కలిసిందేమీ లేదు, కలిసినా తప్పేమీ లేదు, కానీ మా రంగుకు వరస అదే. మొదటి వరస గబగబా కదిలిపోతోంది. మాది మధ్యాహ్నందాకా గుమ్మం దాటలేదు.

ఆఫీసరు నాకన్నా పదేళ్లు చిన్నవాడు. ఈసారి తాత కాగితం కూడా కావాలన్నాడు. మూడు మడతల పాత కార్డు విప్పి, జాతి గడి మీద వేలు పెట్టి ఆగాడు. అక్కడున్నదాన్ని బరువా అని చదివి, బరువా అంటే చిట్టగాంగు వైపు బెంగాలీలు కదా, ఇన్నాళ్లూ ఇండియా అని ఎలా రాయించుకున్నారు అన్నాడు. పిల్ల కార్డు మీద బెంగాలీ అనే రాస్తానన్నాడు.

ఈ దేశంలో ఆ మాటకు బయటివాడని అర్థం; అది కాగితం మీద పడ్డవాళ్లకు చదువూ ప్రయాణమూ పౌరసత్వమూ ఎలా మూసుకుపోయాయో చూస్తూ బతికినవాళ్లం. "మేం వాళ్లం కాదు సయా" అన్నాను, అయ్యగారని పిలుస్తూ, చేతులు కట్టుకుని. వాళ్లయితే ఏం చేసినా ఫరవాలేదన్నట్టు వచ్చింది ఆ మాట నా నోట్లోంచి. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం నా కూతురు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఫోనులో బారువను పటంలో చూపించాను. సముద్రం, ఒడ్డు, ఊరు. ఆయన చూడనైనా చూడలేదు. సర్కారు కాగితంలో తప్పుండదని, ఉందంటే తెలిసిన పెద్దవాళ్లెవరైనా వచ్చి చెప్పాలని, గురువారంలోగా రాకపోతే బెంగాలీ అని రాసి పైకి పంపేస్తానని అన్నాడు.

తెలిసిన పెద్దవాడు మా నాన్న ఒక్కడే. ఆయన గురించి ఒక సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు రేవు ఆఫీసులో టెలిఫోను మీద పనిచేశాడు. ఆయన బర్మా మాట ఎంత శుభ్రంగా ఉండేదంటే, ఫోనులో పరిచయమైనవాళ్లు మనిషిని చూడ్డానికొచ్చి, ఆ గొంతు ఈ నల్లటాయనదేనా అని వెనక్కి తిరిగి చూసుకునేవారు. ఆయనకు అదే పెద్ద బిరుదు. నేను చిన్నప్పుడు ఒక్క మాట తప్పు పలికితే చెవి మెలిపెట్టేవాడు. మన నోరు విని ఎవడూ మనల్ని కలా అనకూడదురా అనేవాడు. కలా అంటే మాలాంటివాళ్లకు ఇక్కడ పెట్టిన పేరు, మర్యాద లేని పేరు.

గురువారం ఆయన ఇస్త్రీ లోంజీ కట్టుకుని నాతో, మా అమ్మాయితో వచ్చాడు. ఆఫీసరు ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంత చక్కటి మాట ఆ గదిలో ఇంకెవరి నోటా లేదు. అదే మా కొంప ముంచింది. మీరు ఇంత బాగా పలుకుతున్నారు, మీ నాన్నకు ఆ తేడా తెలియదంటే ఎలా నమ్మాలి అన్నాడు ఆఫీసరు. ఎలా అన్నాడో అనండి చూద్దాం, అని కుర్చీలో వెనక్కి వాలాడు.

నాన్న నావైపు చూశాడు. వద్దని నేను తెలుగులో అన్నాను, వెళ్లిపోదామన్నాను.

"ఊరుకోరా," అన్నాడు. "ఇంట్లో ఆడినాటే గదా. నాకేటి కట్టం?"

ఆయన నడుం వంచాడు. చేతులు కట్టుకున్నాడు. డెబ్బై ఏళ్లు సానబట్టిన నోటిని ఒక్క క్షణంలో పాడుచేసుకున్నాడు. "మ్యో? బారువ, దొరా. మాది బారువ." నాటకాల్లో కలా వేషగాడు మాట్లాడినట్టే ఉంది. గది గదంతా నవ్వింది. ఆఫీసరు పక్క గదిలోంచి ఇంకొకణ్ని పిలిచి మళ్లీ అనమన్నాడు. నాన్న మళ్లీ అన్నాడు. దొర అన్న మాట వాళ్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నా తమ్ముడి వయసు కూడా లేనివాణ్ని మా నాన్న దొరా అన్నాడు. బల్ల తన్నేద్దామనిపించింది. తన్నలేదు. మేస్త్రీ పక్కన తాత ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాను.

ఆఫీసరు కళ్లు తుడుచుకుంటూ నాన్నకు కుర్చీ వేయించాడు. బర్మా భాషలో కుర్చీ పేరులోనే కలా ఉంది, కలా కూర్చునేదని. నాన్న కూర్చోలేదు.

ఇక ఫారం పూర్తి చేయాలి. ఎవరిది వాళ్లే చెప్పాలట. ఆఫీసరు కలం తీసి మా అమ్మాయిని అడిగాడు: "లూమ్యో?" బాగా సాగదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు.

మా అమ్మాయి ఆయన కళ్లలోకి చూసి, "యాంగోన్" అంది.

కలం ఆగిపోయింది. ఇంత దాకా వచ్చి, ఒక్క మాటతో అంతా పాడుచేసిందే అనుకున్నాను. ఆఫీసరు దాని మొహంలోకి చూశాడు, నాన్న మొహంలోకి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. ఈ ఇంట్లో ఒక్కరికీ చెవులు లేవన్నాడు. ఇండియా అని రాసి ముద్ర కొట్టాడు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నాన్న మనవరాలితో అన్నాడు.

"అదేటమ్మా, నీకు ఇనబడ్లేదా? ఆడడిగింది జాతి."

అది తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ ఇంట్లో ఎప్పుడూ బర్మాలోనే జవాబిస్తుంది. ఆ రోజు తెలుగులో చెప్పింది, ఒక్కో మాటా వెతుక్కుంటూ.

"ఇనబడింది తాతా. మీ నాన్నకి కూడా ఇనబడే ఉంటాది."

బస్సు వచ్చింది, మేం ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఆ తర్వాత పండగలు చాలా వచ్చాయి గానీ, మా నాన్న తాత వేషం మళ్లీ కట్టలేదు.