ధైవతానికి దొరికిన పాట

ఆ రోజుల్లో మా నగరిలో ఆడపిల్ల సంగీతం నేర్చుకుంటానంటే "కండెలు చుట్టేదానికి రాగాలెందుకు మే?" అనేవాళ్లు. మా నాయన మాత్రం మగ్గం ముందు కూర్చునే, నన్ను తిరుపతి సంగీత కళాశాలలో చేర్చి తీరాలని పట్టుబట్టాడు. అంత పట్టుబట్టినవాడు, ప్రవేశ పరీక్ష ఇంకో నెల ఉందనగా, జ్వరం వంకతో చెప్పాపెట్టకుండా పోయాడు. సీటొస్తే చదువు, రాకపోతే కండెలు అని పెదనాయన తీర్పు చెప్పేశాడు.

నాకేమో పాట ఒక్కసారి వింటే వచ్చేసేది గానీ, ఇది 'గ', ఇది 'ప' అని స్వరం పేరు చెప్పమంటే గుడ్లు తేలేసేదాన్ని. పరీక్షలో అడిగేది అదే. మా పాటలయ్యవారు (ఆయనకు నా మీద ఆశ లేదు, జాలి మాత్రం ఉండేది) ఒక ఉపాయం చెప్పాడు. "ఇంట్లో పాడుకునే పాటల మొదలు పట్టుకో మే. 'స' నుంచి యే పాట యాడికి ఎగురుతాదో సూసుకో." అలా 'ప'కు అవ్వ జోలపాట, 'మ'కు పెళ్లిళ్లలో అమ్మ పాడే నలుగుపాట, 'గ'కు వీధిలో పూలమ్మే అత్త కేక (అదీ పాటే, మూర కొనేదాకా ఆగేది కాదు) దొరికాయి. 'ద'కు, అంటే ధైవతానికి మాత్రం ఎంత వెతికినా ఏదీ కుదరలేదు. పెద్దకర్మ అయిపోయినా మా ఇంట్లో అప్పుడు వినబడేది ఒకటే. దీపం పెట్టగానే అమ్మ వసారాలో కూర్చుని "ఓ సామీ..." అని శోకం ఎత్తుకునేది. ఒక సాయంత్రం నా చెవి దాన్ని పట్టేసింది. 'స' నుంచి సరిగ్గా 'ద'కు! ఛీ, ఇదేం పాడుబుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అదే ఖాయం చేసుకున్నాను, ఇంకేం చేయను?

తిరుపతిలో పరీక్ష పెట్టినాయనకు గంధం బొట్టు, జరీ ఉత్తరీయం. తన గొంతంటే తనకే మహా ముచ్చటని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "ఆ..." అని రెండు స్వరాలు లాగి, రెండోదేదో చెప్పమంటాడు. జోలపాట తలుచుకుని 'ప' అన్నాను. నలుగుపాటతో 'మ' గట్టెక్కింది. మూడోసారి ఆయన కళ్లు మూసుకుని పైకి లాగేసరికి నాకు మా వసారా, అమ్మ, ఖాళీ మగ్గం కనబడ్డాయి. అంతే, బావురుమన్నాను. ఎక్కిళ్ల మధ్య "ద... ద..." అంటూనే ఉన్నాను.

ఆయన కళ్లు తెరిచి పక్కాయన వైపు గర్వంగా తిరిగాడు. "చూసినారా అప్పా! ఒక్క ధైవతానికే పాప ఎట్ల కరిగిపోయిందో! మొన్న నా కచేరీలో మీరు కునికిపాట్లు పడినారే!" సీటు అక్కడికక్కడే ఖాయమైంది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను, 'ద'కు ఏం పెట్టుకున్నానో కూడా. చెంప పగులుతుందనుకున్నాను. ఆమేమో "ఉండేటప్పుడు ఒక్క పనీ సక్కంగా సేసింది లేదు. పోయి నీకు సీటు తెచ్చిచ్చినాడు గదమే మీ నాయన!" అని పకపకా నవ్వింది. నాయన పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే "ఓ సామీ..." అని ఎత్తుకుంది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను, ఈసారి స్వరం చూడకుండా.

ఇప్పుడు నేనూ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఒక్కో స్వరానికి ఒక్కో పాట ఇస్తాను. 'ద' దగ్గరికొచ్చేసరికి "దీనికి మీరే వెతుక్కోండమ్మా" అంటాను. వాళ్లు ఏదో సినిమా పాట పట్టుకొచ్చి గెంతుతూ పాడతారు. ఆనాడు రెండు జడలతో ఉన్న నాకూ అలాంటిదొకటి దొరికుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. సీటు మాత్రం వచ్చుండేది కాదులే!