కొంరవ్వ మూడో విస్తరి

కొంగు బొడ్లో దోపుకోనిదే కొంరవ్వ ఏ పనీ ముట్టదు. పోయినేడు మిలిటరీ విమానం ఇంజను చెడి ఘనపూర్ పక్కన ఆమె జొన్నచేలో పడింది. నడిపినవాడు చనిపోయాడు. సిపాయిలు శవాన్ని తీసుకుపోయారు, పేరు చెప్పలేదు. ఈసారి, చనిపోయినవాళ్లకు పెట్టే పెత్రమాస నాడు, కొంరవ్వ కాకులకని గుడిసె మీద రెండు విస్తళ్లు పెట్టింది. ఒకటి మొగుడికి, ఒకటి ఆ పైలటుకు.

"సంఘపోళ్ల కోసం అడివి గాలించే మిలిటరోనికి పెడ్తవా అక్కా?" అంది పొరుగింటి మణెమ్మ.

"నా చేన్ల పానం ఇడిశిండు. నేను పెట్టకుంటె ఎవలు పెడ్తరు?"

లోపల గంప కింద మూడో విస్తరి మణెమ్మ కంటబడింది. తుపాకి పట్టి సంఘంలోకి పోయిన కొడుకు సాయిలు జాడ రెండేళ్లుగా లేదు.

"గిది సాయిలుకా? మరి మీద పెట్టకపోతివి?"

"మీద పెట్టేది సచ్చినోళ్లకు," అంది కొంరవ్వ. కాకి లోపలికి రాకుండా తలుపు దగ్గరికి వేసింది.