ధాన్యం దాటాక ఎడమకి

నాగమల్లేశ్వరరావుకి బోర్డు లేదు, ఆఫీసు లేదు. అడవులదీవి దాటాక సముద్రం వైపు గడ్డి కూడా సరిగా మొలవని చవిటి నేల ఒకటి ఉంది. దాని మీద సున్నంతో గీతలు గీసి మస్కట్ రోడ్లు వేశాడు. మలుపులు, కూడళ్లు, మధ్యలో నీలం పీపాలు పేర్చిన పెద్ద చక్రం. ఒక పాత జీపుకి కుడివైపున్న స్టీరింగుని తెనాలి షెడ్డులో తానే ఎడమకి మార్చుకున్నాడు. మస్కట్‌లో చాలాకాలం నీళ్ల ట్యాంకరు తోలి వచ్చిన మనిషి. అక్కడ బండ్లన్నీ రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. ఆ దేశం పోయేవాళ్లు బాపట్ల నుంచీ రేపల్లె నుంచీ వెతుక్కుంటూ వచ్చి ఆయన దగ్గర చెయ్యి మార్చుకునేవారు.

ఆయన చెప్పేది తక్కువ. "పెట్రోలు బంకులోంచి బయటికొచ్చావు. ముందు ఎవరూ లేరు. అప్పుడు ఆగు. ఒక బండిని పోనిచ్చి దాని వెనకాల పడు. ఖాళీ రోడ్డు మీద చెయ్యి అలవాటైన వైపుకే పోద్ది" అనేవాడు. మళ్లీ మళ్లీ అదే.

ఇంకో మాట కూడా ఉంది. ఆ మాట చెప్పేటప్పుడు మొహంలోకి చూసేవాడు కాదు. పాఠాలు మొదలైన రోజు నుంచి విమానం ఎక్కేదాకా ఇక్కడి రోడ్ల మీద ఎవరూ బండి ముట్టుకోకూడదు. బస్సే.

నగరం అనే ఊరి కుర్రాడు శ్యామ్ పోయినప్పటి నుంచి ఆ కట్టడి. కోతల కాలంలో ఈ ఊళ్లలో రోడ్డుకి ఎడమ పక్కంతా ధాన్యం ఆరబోస్తారు. అంచున రాళ్లు పేరుస్తారు. బండ్లు కుడికి తప్పుకుని, ధాన్యం అయిపోగానే ఎడమకి వచ్చేస్తాయి. చిన్నప్పటి నుంచీ చేసే పనే కాబట్టి ఎవరూ ఆలోచించరు. పాఠం ముగించుకుని వెళ్తున్న శ్యామ్ కూడా కుడికి తప్పుకున్నాడు. ధాన్యం అయిపోయింది. అతను ఎడమకి రాలేదు. కుడిపక్కే సరైనదని చేతికి తోచినట్టుంది. ఎదురుగా ఐసు లారీ వచ్చింది.

ఆ తరవాత నాగమల్లేశ్వరరావు తనకీ ఒక నియమం పెట్టుకున్నాడు. పాఠం అయ్యాక పుల్లమ్మ టీ పాకలో కూర్చుని, వచ్చేపోయే బండ్లను చూస్తూ ఉండేవాడు. చెయ్యి ఇంటికొచ్చిందనిపించాకే మోటారు సైకిలు తీసేవాడు.

"ఏం అన్నయ్యా, మస్కట్ నుంచి దిగావా?" అనేది పుల్లమ్మ.

"ఇంకా గాల్లోనే ఉన్నానమ్మా. ఇంకో టీ పొయ్యి."

ఆ రోజు సాయి సుధకి ఆఖరి పాఠం. రేపల్లె పిల్ల, తెనాలిలో నర్సు. మస్కట్‌లో ఇళ్లకి వెళ్లి రోగులను చూసుకునే ఉద్యోగం వచ్చింది. కారు నడపడం రావాలన్నారు. ఆదివారం ప్రయాణం. మంచు దిగి పీపాలు కూడా సరిగా కనపడటం లేదు. అయినా ఎక్కడా తడబడకుండా చక్రం చుట్టూ తిరిగింది. కూడలికి వచ్చిన ప్రతిసారీ చెప్పకుండానే, మస్కట్‌లో బండ్లు ముందు వచ్చే ఎడమవైపుకే తల తిప్పింది.

"ఇంక నీకు చెప్పేదేం లేదమ్మాయ్. చెయ్యి పూర్తిగా మారిపోయింది" అన్నాడాయన.

"పాసయ్యానంటారా బాబాయ్?"

"పాసయ్యావు. జాగ్రత్తగా బస్సెక్కు."

"అలాగేనండి" అని బ్యాగు భుజాన వేసుకుని మంచులోకి నడిచింది.

ఆయన జీపు మీద బరకం కప్పి పాకకి వచ్చేసరికి పుల్లమ్మ గ్లాసు చేతికిచ్చి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఏంటమ్మా?"

"ఆ పిల్ల నీకు చెప్పొద్దంది. పొద్దున చీకట్లోనే స్కూటీ తెచ్చి పాక వెనకాల పెట్టింది. బస్సు కోసం కూర్చుంటే పనులు తెమలవంట. ఇప్పుడే పోయింది."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఫోను చేశాడు. మోగింది గానీ ఎత్తలేదు. చెయ్యి పూర్తిగా మారిపోయిందని ఇందాక తానే మెచ్చుకున్నాడు.

"టీ అన్నా తాగిపో" అంటోంది పుల్లమ్మ. మోటారు సైకిలు అప్పటికే రోడ్డెక్కింది.

నగరం రోడ్డులో ధాన్యం మొదలైంది. నల్ల బరకాల కింద పొడుగ్గా, మనుషులు పడుకున్నట్టు ఉంది. పక్కన కాలవ కనపడటం లేదు, నీళ్ల వాసన మాత్రం వస్తోంది. కొంచెం ముందు మంచులో ఎర్రని చిన్న లైటు. స్కూటీయే. అది ధాన్యం పక్కగా కుడి అంచున పోతోంది. ఆయన కన్ను ఆ లైటుని వదల్లేదు. ఇంక కొంచెమే. రాళ్లు అయిపోతున్నాయి. "ఎడమకి రా తల్లీ, ఎడమకి రా" అని పైకే అంటున్నాడు.

ఎర్రలైటు కదిలింది. మెల్లగా, ఏ కంగారూ లేకుండా, ఎడమకి వచ్చేసింది.

ఆయన ఊపిరి వదిలాడు. ఒళ్లంతా తేలికైపోయింది. తానూ ధాన్యం దాటాడు. రోడ్డు ఖాళీగా, హాయిగా ఉంది. అప్పుడు ఎదురుగా మంచు తెల్లబడింది. హారను మోగింది. రెండు పెద్ద లైట్లు నేరుగా తన మీదికే వస్తున్నాయి. లారీవాడు రోడ్డుకి తప్పుపక్కన వస్తున్నాడేంటని కోపం వచ్చింది ఆయనకి. ఆ కోపంలోనే అర్థమైంది, తప్పుపక్కన ఉన్నది తానేనని. హ్యాండిలు ఒక్కసారిగా ఎడమకి విరిచాడు. బండి రోడ్డు దాటి గడ్డిలో పడింది. లారీ గాలి వీపుకి కొట్టి వెళ్లిపోయింది.

చప్పుడు విని సాయి సుధ వెనక్కి వచ్చింది. మోకాలు చూసింది, మోచెయ్యి కదిపి చూసింది. విరగలేదు.

"ఏంటి బాబాయ్, మీరు అటెందుకు వెళ్లారు?"

ఆయన గడ్డిలోంచి లేచాడు. "నువ్వు ఎడమకి ఎట్లా వచ్చావు?" అని అడిగాడు.

"నా ముందు ట్రాక్టరు ఉందండి. మీరు చెప్పినట్టే దాని వెనకాలే పోయాను." గొంతు తగ్గించి అంది, "అది తిరక్కపోతే నేను తిరిగేదాన్ని కాదు బాబాయ్. నాకు తిరగాలని తోచలేదు."

ట్రాక్టరు వెళ్లిపోయింది. ముందు ఇంకో ధాన్యం వరస నల్లగా కనపడుతోంది. ఆమె స్కూటీ తాళం తీసి ఆయన ముందు పట్టుకుంది. ఆయన చెయ్యి చాపలేదు.

"ఏదో ఒక బండి రానీ, దాని వెనకాల పోదాం" అన్నాడు.

రేపల్లె వైపు పోయే బండి కోసం ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. మంచులోంచి వచ్చే లైట్లన్నీ అటునుంచి ఎదురుగానే వస్తున్నాయి.